చిన్న విభాగము, నిలిచిన పరిశోధన
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన బెంగుళూరు నగరమున జరిగిన విమానశాస్త్ర పరిశోధనను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. విషయము పెద్దది, కాలము స్వల్పము. కావున సంస్థల పేర్లన్నియు ఏకరువు పెట్టక, ఒక్క చిన్న విభాగమును తీసికొని, అచ్చట ఏమి జరిగినదో, ఆ పని ఇన్నేండ్లు ఏల నిలిచినదో విన్నవింతును. పిల్లవానినో పిల్లనో ఏ కళాశాలలో చేర్పవలెనను ప్రశ్న వేసవి వచ్చుసరికి మన ఇండ్లలో తలయెత్తును గదా! దానికిని ఇందు కొంత సమాధానము కలదు.

1909లో నెలకొన్న భారతీయ విజ్ఞాన సంస్థను మన పెద్దలు నేటికిని ‘టాటా ఇన్‌స్టిట్యూటు’ అనియే పిలుతురు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో ఈ నగరమున విమాన కర్మాగారమును స్థాపించిరి. విమానమును విప్పి బిగించుటకు పనివారు చాలుదురు. క్రొత్త విమానమును ఊహించి గీయుటకు శాస్త్రము చదివినవారు కావలయును. ఆ అవసరమును తీర్చుటకై యుద్ధకాలమున, 1942లో, విజ్ఞాన సంస్థయందు విమాన యంత్రశాస్త్ర విభాగము తెరువబడినది. జర్మనీలోని గొట్టింగెన్ నగరమున లుడ్విగ్ ప్రాంట్ల్ పండితునివద్ద చదివివచ్చిన డాక్టర్ వి. ఎం. ఘాటగే గారు దానికి తొలి నాయకులు. అనంతరము ఆయన కర్మాగారమునకు పోయి రూపొందించిన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఎగిరినది.

ఆ 1951లోనే సతీశ్ ధావన్ గారు ఈ విభాగమున ఉపాధ్యాయులుగా చేరిరి. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో ఆయన డాక్టరు పట్టమునకై చేసిన పని, గాలి ఒక పలకపై రాచుకొని పోవునపుడు కలుగు ఒరపిడిని నేరుగా కొలుచుట. పలకలో ఒక చిన్న ముక్కను విడిగా, కదలుటకు వీలుగా అమర్చి, గాలి దానిని లాగిన లాగుడును ఆయన కొలిచిరి. ఇచ్చటికి వచ్చిన పిదపను ఆ పద్ధతినే విద్యార్థులకు అలవరచిరి. కావలసిన పరికరమును మనమే చేసికొనవలెను, కొలువదగినదానిని కొలిచి చూడవలెను, అటుపిమ్మటనే సిద్ధాంతము చెప్పవలెను. ధ్వనికన్న వేగమైన గాలిని పుట్టించు చిన్న గాలి సొరంగము ఈ విభాగముననే తయారైనది. గాలి సొరంగమనగా విమానమును నిలిపియుంచి గాలిని పరుగెత్తించు గొట్టము.

ఇక ఈ విభాగము చేపట్టిన ప్రశ్న ఏమి? ఊదువత్తి పొగను చూడుడు. కొంతదూరము దారమువలె నిలువుగా లేచును. ఆపైన హఠాత్తుగా చెదరి, సుడులు తిరిగి కలగిపోవును. గాలిగాని నీరుగాని ప్రవహించుటలో ఈ రెండు విధములు కలవు. ఒకటి సాఫీ ప్రవాహము, రెండవది అలజడి ప్రవాహము. 1883లో మాంచెస్టరున ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టములోని నీటిలో రంగు విడిచి ఈ భేదమును స్పష్టముగా చూపెను. 1904లో ప్రాంట్ల్ మరియొక సంగతి చెప్పెను. కాలువ గట్టును ఆనుకొనిన నీరు మెల్లగా సాగునట్లే, రెక్కను ఆనుకొనిన గాలియు ఒక పలుచని పొరలో నెమ్మదించును. విమానమును వెనుకకు లాగు ఒరపిడి యంతయు ఆ పొరలోనే పుట్టును. పొర సాఫీగా ఉన్నంతవరకు ఒరపిడి తక్కువ. అలజడి పుట్టెనా, ఒరపిడియు హెచ్చును, ఉపరితలమునకు చేరు వేడియు హెచ్చును. కావున సాఫీ పొర ఎచ్చట, ఎట్లు అలజడిగా మారునో తెలియనిదే రెక్కను గీయువాడు లెక్క వేయజాలడు.

1951లో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఎమన్స్ పండితుడు పలుచగా పారు నీటిలో ఒక వింతను చూచెను. అలజడి ఒక్క పెట్టున రాలేదు. అచ్చటచ్చట చిన్న మచ్చలుగా పుట్టి, ప్రవాహముతో సాగుచు, పెరుగుచు, ఒకదానితో ఒకటి కలసిపోయినది. ఎండిన నేలపై తొలి చినుకులు పడినట్లు, మచ్చలు అంతట పుట్టునని ఆయన తలచెను. ఆ లెక్క ప్రయోగములలో దొరకిన కొలతలకు సరిపోలేదు.

ధావన్ గారివద్ద అప్పుడు రొద్దం నరసింహ అను యువకుడు పరిశోధన చేయుచుండెను. 1933లో ఈ నగరముననే జన్మించినవాడు. రొద్దమను పేరు మనకు క్రొత్తది కాదు. పెనుకొండ ప్రాంతమున ఆ పేరుగల ఊరున్నది. ఆయన తండ్రి ఆర్. ఎల్. నరసింహయ్య గారు సెంట్రల్ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించి, కన్నడమున విజ్ఞాన గ్రంథములు వ్రాసినవారు. వెండ్రుకకన్న సన్నని తీగను వేడిచేసి గాలిలో నిలిపిన, గాలి తాకిడికి అది చల్లబడు తీరునుబట్టి అలజడి ఉన్నదో లేదో తెలియును. ఒకచోట ఎంతసేపు సాఫీ, ఎంతసేపు అలజడి అని ఇట్లు లెక్కించిన కొలతలను నరసింహ గారు పరిశీలించి, మచ్చలు అంతట పుట్టుట లేదని, ఒక్క అడ్డగీత వెంబడియే పుట్టుచున్నవని ఊహించిరి. పారు కాలువలో ఒకే వరుసపై రాళ్లు విసరిన, అలలు దిగువకు సాగుచు వెడల్పై, తుదకు కాలువనంతను ఆక్రమించును గదా! అట్లే యని వారి భావము. ఆ ఊహతో వేసిన లెక్క ప్రయోగములతో చక్కగా సరిపోయినది. అంతకన్న వింత యేమనగా, అలజడికి కారణము ఏదైనను, తగిన కొలమానముతో గీసినచో అన్ని ప్రయోగములు ఒకే వంపుపై వచ్చి కూర్చుండినవి.

1957లో అమెరికా విమానశాస్త్ర పత్రికలో ఇది అచ్చైనది. దాని నిడివి రెండు పుటలు! మరుసటి యేడు, 1958లో, ధావన్, నరసింహ గార్లు కలసి ఇంగ్లండునుండి వెలువడు ద్రవ యంత్రశాస్త్ర పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించిరి. అరువదియేండ్లు దాటినవి. జెట్ యంత్రములోని టర్బైను రెక్కకు ఎంత వేడి సోకునో లెక్కించువారు నేటికిని ఆ వంపునే ఉపయోగించుచున్నారు.

ఆ ప్రశ్నను ఈ విభాగము ఒక్కసారితో విడిచిపెట్టలేదు. 1971లో నరహరి రావు, నరసింహ, బదరీ నారాయణన్ గార్లు గోడచెంత అలజడి ఆగి ఆగి పెల్లుబుకుటను కొలిచి, ఆ పెల్లుబుకు వేళలను శాసించునది గోడచెంతనున్న గాలి కాదు, బయటి ప్రవాహమే యని చూపిరి. 1973లో నరసింహ గారు తమ శిష్యులు కె. ఆర్. శ్రీనివాసన్ గారితో కలసి, అలజడి ప్రవాహమును తీవ్రముగా త్వరపరచిన అది మరల సాఫీగా మారుటను వివరించిరి. ఆ శిష్యులే 2003లో ఇటలీలోని త్రియెస్తే అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రమునకు అధిపతులైరి. ధావన్ గారు 1962 నుండి 1981 వరకు విజ్ఞాన సంస్థకు, 1972 నుండి 1984 వరకు అంతరిక్ష పరిశోధన సంస్థకు నాయకత్వము వహించిరి. ఆంధ్రదేశమున శ్రీహరికోట కేంద్రము 2002 నుండి ఆయన పేరనే వెలయుచున్నది. నరసింహ గారు 2020 డిసెంబరులో దివంగతులైరి.

సభ్యులారా! ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాట. 2016 నుండి కేంద్ర ప్రభుత్వము కళాశాలలకు వరుస సంఖ్యలు ప్రకటించుచున్నది. అందు వ్యాసముల సంఖ్యకును, వానిని ఇతరులు ఉదహరించిన సంఖ్యకును మార్కులు కలవు. లెక్క అసలే వలదని నేననను. ఏండ్ల తరబడి ఒక్క వ్యాసమైనను వెలువరింపని కళాశాల, తాను చిన్నదను సాకు చెప్పుకొనరాదు. కాని లెక్కయే గమ్యమైనప్పుడు, ఒక ఫలితమును పది ముక్కలుగా కోసి పది వ్యాసములు చేయు బుద్ధి పుట్టును. ఆ తక్కెడలో 1957 నాటి రెండు పుటలు ‘ఒకటి’ గానే తూగును. తాము ఎన్నివందల వ్యాసములు ప్రకటించిరో కళాశాలలవారు రంగుల పుస్తకములలో అచ్చువేయుదురు. తల్లిదండ్రులు ఆ సంఖ్యను చూచి పొలమో పుట్రయో తాకట్టు పెట్టి డబ్బు కట్టుదురు. నష్టపోవునది ఆ కుటుంబము, ఆ పిల్లవాని నాలుగేండ్లు.

కావున, చిన్న కళాశాలయైనను పెద్దదైనను, చేర్చుటకు ముందు మూడు సంగతులు అడుగుడు. ప్రయోగశాలలో విద్యార్థులు తమ చేతులతో కట్టిన పరికరము ఒక్కటియైన కలదా? అధ్యాపకులు ఒక ప్రశ్నను పట్టి కొన్నియేండ్లు వెంబడించిరా, లేక యేటికొక విషయమునకు గంతులు వేయుచున్నారా? వారి ఫలితమును బయటివారెవరైన, ఒక కర్మాగారమో మరియొక ప్రయోగశాలయో, వాడుకొన్నదా? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పగల అధ్యాపకుడున్నచోట సంఖ్య తక్కువయైనను జంకవలదు. చెప్పలేనిచోట భవనముల ఎత్తు చూచి మోసపోవలదు.

మరియొక మనవి. ‘పరిశోధన వలన కూడు దొరకదు’ అను మాట మన ఇండ్లలో పెద్దలనోట తరచుగా వినుచున్నాను. ఆ మాటకు వెరచి, చదువదగిన పిల్లలు, అందును ఆడుబిడ్డలు, నడుమనే మానుకొనుచున్నారు. ఒక్కొక్క యింటి కష్టము ఒక్కొక్కటి, కాదనను. కాని నిర్ణయించుటకు ముందు పిల్లలు ఏమి చదువదలచిరో కూర్చుండబెట్టి వినుడు. ఊదువత్తి పొగను చూపి నేడు నేను చెప్పినది, తెలుగులో చెప్పుటకు నాకు మాటలు కరవు కాలేదు, మీకును కావు. కన్నడ దేశమున కన్నడము చక్కగా నేర్తము. ఇంటిలో శాస్త్రమును తెలుగుననే ముచ్చటింతము.

విజ్ఞాన సంస్థవారు సామాన్యముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒకదినము తమ ద్వారములను ప్రజలకు తెరచి ప్రయోగశాలలు చూపుదురు. ఆ దినమున మన పిల్లలను ఒక జట్టుగా తీసికొనిపోవు భారమును సంఘ కార్యవర్గము వహింపవలెనని ప్రతిపాదించుచున్నాను.