ఒంటరి ఆట నుంచి జంట ఆటకు



మీ ఇంట్లో ఆటంటే ప్రాణం పెట్టే ఆడపిల్ల ఉందనుకోండి. చేతికి దెబ్బ తగిలి నెలల తరబడి ఆడలేకపోతే ఏమంటారు? "ఆడింది చాల్లేమ్మా, ఇక చదువు చూసుకో" అంటారు. ఆ మాట అనే ముందు సానియా మీర్జాను ఒకసారి తలచుకోండి.

మన కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్ 1998లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఒక రౌండు గెలిస్తేనే దేశమంతా గొప్పగా చెప్పుకుంది. 2005లో హైదరాబాదు అమ్మాయి సానియా అదే పోటీలో మూడో రౌండు చేరి, సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. మరుసటి నెలలోనే సొంత ఊళ్ళో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు అందుకుంది.

అంతలో కుడి మణికట్టు మొరాయించింది. 2008లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో నొప్పి భరించలేక ఆట మధ్యలోనే తప్పుకుంది. సానియా పని అయిపోయిందన్నవారు లేకపోలేదు.

ఆమె ఆట మానలేదు, ఆడే తీరు మార్చుకుంది. 2013లో సింగిల్స్‌కు స్వస్తి చెప్పి డబుల్స్‌కే కట్టుబడింది. సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరుగెత్తాలి. డబుల్స్‌లో ఆ భారాన్ని ఇద్దరు పంచుకుంటారు. సానియా బలం ఫోర్‌హ్యాండ్. వెనక నుంచి ఆమె గట్టిగా కొడితే, తడబడి వచ్చిన బంతిని నెట్ దగ్గర మార్టినా హింగిస్ ముగించేది. ఈ జంట 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమి ఎరుగలేదు. 2015 ఏప్రిల్‌లోనే సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం పొందింది. మన దేశపు మహిళ ఆ స్థానానికి చేరడం అదే మొదలు. మిక్స్‌డ్ డబుల్స్‌లో గెలిచిన మూడింటితో కలిపి ఆమెవి మొత్తం ఆరు గ్రాండ్ స్లామ్ టైటిళ్ళు.

2018లో తల్లి అయింది. 2020 జనవరిలో మళ్ళీ కోర్టులో దిగి, హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆట విరమించింది.

ఆరు టైటిళ్ళూ ఆ శస్త్రచికిత్స తర్వాత వచ్చినవే. కనుక దెబ్బ తగిలిన పిల్లను "ఇక చాలు" అనకండి. "ఇంకెలా ఆడగలవమ్మా?" అని అడిగి చూడండి.