నిలకడ నేర్పే విద్య – చైనావారి ఛీగోంగ్

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి చర్చ చాలా వాడిగా సాగింది. భోజనాలయ్యాక కార్యదర్శి గారు మైకు నా చేతికిచ్చి, "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడండి, ఎవరూ నిద్రపోకుండా చూడండి" అన్నారు. అందుచేత ముందుగా ఒక ప్రశ్న వేస్తాను. ఈ ఏడాదిలో ఇంట్లోగానీ బజారులోగానీ ఒక్కసారైనా కాలుజారి పడినవారు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులు లేచాయో! ఎత్తనివారిలో కొందరు పక్కన భార్య కూర్చుందని ఎత్తలేదేమోనని నా అనుమానం.

మన వయసులో పడటమంటే చిన్న విషయం కాదు. తుంటి ఎముక విరిగితే ఆపరేషను, మంచం, ఇంటిల్లిపాదికీ చాకిరీ. ఎముక విరగకపోయినా, మళ్ళీ పడతామేమోనన్న భయం పట్టుకుంటుంది. భయంతో నడక తగ్గిస్తాం. నడక తగ్గితే కాళ్ళలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే మళ్ళీ పడతాం. ఈ విషవలయంలోంచి బయటపడటానికి చైనా వృద్ధుల అలవాటు ఒకటి మనకు పనికొస్తుందని మనవి చేయడానికే నిలబడ్డాను.

నేను రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర సింగపూర్‌లో మూడు నెలలున్నాను. రోజూ ఉదయం పార్కులో చైనా సంతతి పెద్దలు వరుసల్లో నిలబడి, నీళ్ళలో చేతులు కదిపినట్లు మెల్లగా కదులుతూ కనిపించేవారు. వారిలో ఎనభై దాటిన ముసలమ్మలు కూడా ఉండేవారు. నేను వెనుక వరుసలో చేరాను. వారి భాష నాకు రాదు, నా భాష వారికి రాదు. చూసి చేయడమే. ఫీజు లేదు, దక్షిణ లేదు.

ఆ విద్య పేరు ఛీగోంగ్. మనం 'ఛీ' అంటే ఈసడింపు. వాళ్ళకు 'ఛీ' అంటే ఊపిరి, ప్రాణశక్తి. 'గోంగ్' అంటే సాధనతో వచ్చే నేర్పు. శరీరాన్ని కదపడం, శ్వాసను దానికి జత చేయడం, మనసును ఆ రెండింటి మీద నిలపడం – ఈ మూడూ కలిస్తేనే ఛీగోంగ్.

ఇది ఎంత పాతదంటే, చైనాలో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1973-74లో తవ్విన ఒక సమాధిలో పట్టుగుడ్డ మీద వేసిన బొమ్మ దొరికింది. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. బొమ్మలో 44 మంది స్త్రీ పురుషులు రకరకాల భంగిమల్లో వ్యాయామం చేస్తూ ఉంటారు. తర్వాత హువా తువో అనే ప్రసిద్ధ వైద్యుడు పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి – ఈ అయిదింటి కదలికలను అనుసరించి వ్యాయామాలు నేర్పాడని అక్కడి చరిత్ర గ్రంథాలు చెబుతాయి.

పేరు మాత్రం ఇటీవలిదే. హెబెయ్ రాష్ట్రానికి చెందిన లియు గుయిజెన్ అనే ప్రభుత్వోద్యోగి కడుపులో పుండుతో బాధపడుతూ స్వగ్రామంలో ఈ సాధన నేర్చుకుని కోలుకున్నాడు. 1950లలో ఈ విద్యను ఛీగోంగ్ అన్న పేరుతో ఆరోగ్య కేంద్రాల్లోకి తెచ్చింది, 1957లో దీనిమీద పుస్తకం వెలువరించింది ఆయనే. చూశారా, మనలాంటి ఉద్యోగే! సాంస్కృతిక విప్లవ కాలంలో ఆ కేంద్రాలు మూతపడ్డాయి. 1980లలో మళ్ళీ దేశమంతా వెర్రిగా వ్యాపించింది. అప్పుడే కొందరు గురువులు బయలుదేరి, దూరం నుంచే 'ఛీ' పంపి రోగాలు కుదురుస్తామని సభలు పెట్టారు. మందులు మానేసి నష్టపోయినవారూ ఉన్నారు. చివరకు 2003లో ప్రభుత్వ క్రీడాసంస్థ నాలుగు సాధన పద్ధతులను ఎంపిక చేసి, ప్రజలకు సులువుగా ఉండేలా ప్రచారం చేసింది. వాటిలో ఒకటి 'బాదువాన్‌జిన్', అంటే ఎనిమిది జరీపట్టు ముక్కలు. సోంగ్ రాజుల కాలం నుంచీ ఈ పేరు వినిపిస్తోంది. పార్కులో నేను నేర్చుకున్నది అదే.

ఎనిమిదింటినీ క్లుప్తంగా చెబుతాను. ఒకటి: రెండు చేతుల వేళ్ళు పెనవేసి అరచేతులు ఆకాశానికి ఎత్తడం. రెండు: విల్లు లాగి బాణం వేస్తున్నట్లు చేతులు చాచడం. మూడు: ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి నొక్కడం. నాలుగు: మెడ తిప్పి వెనక్కు చూడటం. అయిదు: కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి నడుమును ఊపడం. ఆరు: వంగి చేతులను పాదాల దాకా జార్చడం. ఏడు: పిడికిళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసి చూస్తూ గుద్దడం. పెన్షన్ ఆఫీసు క్యూలో మనకిది బాగా అలవాటే! ఎనిమిది: మునివేళ్ళ మీద లేచి మెల్లగా మడమలు ఆనించడం, ఏడుసార్లు. అంతా కలిపి పదిహేను నిమిషాలు.

"మనకు ప్రాణాయామం ఉండగా ఇదెందుకండీ?" అని అడగవచ్చు. ప్రాణాయామం చేసేవారు నిక్షేపంగా చేసుకోండి. కాని అది కూర్చుని చేసేది. మోకాళ్ళ నొప్పులతో నేలమీద కూర్చోలేనివారు మనలో సగం మంది. ఇది నిలబడి చేసేది. బరువు ఒక కాలి మీదనుంచి మరో కాలి మీదకు మెల్లగా మారుతుంది. మెల్లగా మారుతుంది కనుకే చీలమండల చుట్టూ ఉన్న కండరాలు పనిచేయక తప్పదు. నేల ఎక్కడుందో పాదానికి మళ్ళీ గుర్తొస్తుంది. పడకుండా ఉండటానికి కావలసింది అదే కదా!

దీనికి దగ్గరి చుట్టమైన తాయ్‌చీ మీద అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న, 70 ఏళ్ళు దాటిన 670 మంది అందులో పాల్గొన్నారు. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు సాధన జరిగింది. కేవలం ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసినవారితో పోలిస్తే, తాయ్‌చీ చేసినవారు పడిపోవడం సగానికి పైగా తగ్గింది. ఇది తాయ్‌చీ గురించి తేలిన లెక్క. దాన్ని నేను బాదువాన్‌జిన్‌కు అంటగట్టను.

నా అనుభవం అడిగితే: ప్యాంటు తొడుక్కునేటప్పుడు గోడ పట్టుకోవలసిన పని తప్పింది. బస్సు దిగేటప్పుడు కాలు తడబడటం లేదు. నిద్ర కాస్త మెరుగు. అంతే. బి.పి. మాత్ర అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. షుగరు మాత్రలూ అంతే. దీనితో మందులు మానేయవచ్చని ఎవరైనా అంటే, దయచేసి ఆ మాట చెవిన పెట్టకండి.

కొన్ని జాగ్రత్తలు. మొదట్లో బరువైన కుర్చీ వీపుగానీ కిటికీ ఊచగానీ పట్టుకుని చేయండి. ఊపిరి బిగబట్టవద్దు. బి.పి. ఎక్కువున్నవారు, కళ్ళలో నీటికాసులు ఉన్నవారు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవారు ఆరోది వదిలేయండి. మోకాళ్ళు అరిగినవారు అయిదోది మానేయండి. తల తిరిగితే వెంటనే కూర్చోండి. గుండె జబ్బున్నవారు డాక్టరు గారిని అడిగిన తర్వాతే మొదలుపెట్టండి.

చివరగా ఒక ప్రతిపాదన. మన నెలవారీ సమావేశం పది గంటలకు మొదలవుతుంది. తొమ్మిదిన్నరకే వస్తే, హాలు వరండాలో అందరం కలిసి చేద్దాం. నాకు వచ్చినంత నేను చూపిస్తాను. ఆడవారు కూడా సంకోచించకుండా రావాలి. ఇంట్లో ఎక్కువ జారిపడేది తడి వంటింట్లో తిరిగే వాళ్ళే కదా! సంఘానికి ఖర్చేమీ లేదు కనుక కోశాధికారి గారు అభ్యంతరం చెప్పరని ఆశిస్తాను.

డి.ఏ. కోసం పోరాడుదాం. ఆ పెంచిన డి.ఏ. అందుకోవడానికి మన కాళ్ళ మీద మనం నడిచి వెళ్దాం.