మరల బండపైకి

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

కొండలెక్కుటనుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఎక్కుటకంటె, కాలు విరిగి ఎక్కలేకుండుటనుగూర్చియే మాకు హెచ్చుగా తెలియును. కనుక దానినే చెప్పెదము.

బెంగుళూరునుండి మైసూరు పోవు దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరమున, రామనగరపు కొండలున్నవి. 1975లో వెలువడిన 'షోలే' చిత్రమును చూచినవారందరును ఆ బండలను చూచినవారే. ఆ ఊరి పూర్వనామమునుబట్టి అచటి శిలకు క్లోజ్‌పేట గ్రానైటని పేరు. వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. అచటి ఏటవాలు బండలపై పలుచోట్ల చేతికి పట్టు దొరకదు. మడమను క్రిందికి దించి, పాదపు ముందుభాగమును రాతికి అదిమి, ఆ రాపిడినే నమ్ముకొని పోవలెను. ఈ మడమ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

మేము పడినది ఎక్కునప్పుడు కాదు. క్షేమముగా దిగి, త్రాడు చుట్టి భుజమున వేసికొని, చివరనున్న నాలుగడుగుల గుండుపైనుండి పిల్లవానివలె దూకితిమి. క్రింద దొర్లుడురాయి యున్నది. పాదము లోనికి మడతపడెను. చీలమండకు వెలుపలివైపు పొడుచుకొనియుండు ఎముక విరిగెను.

ఇంట మా అమ్మగారు, "నాయనా, పుత్తూరు పోదము పద" అని పట్టుబట్టిరి. తిరుపతికి చేరువనున్న ఆ ఊరి కట్టుపై మనవారికే గాక తమిళులకును ఎంత నమ్మకమో మీరెరుగుదురు. కాని కీలువద్ద విరిగిన ఎముక వెండ్రుకవాసి తొలగి అతికినను పిదప బాధ తప్పదు. ఎక్స్‌రేలో చూచుకొనుచు అతికింపవలసినదే. అమ్మగారిని ఒప్పించుట ఎముక అతుకుటకంటె కష్టమయ్యెను.

ఆరు వారములు పిండికట్టు. మంచముపై నుండి డగ్ స్కాట్ అను ఆంగ్ల పర్వతారోహకుని వృత్తాంతము చదివితిమి. 1977లో కారకోరమ్‌లోని 7,285 మీటర్ల 'ఓగర్' శిఖరమునుండి దిగుచుండగా ఆయనకు రెండు కాళ్ళును చీలమండలకు పైన విరిగెను. సహచరుల తోడ్పాటుతో మోకాళ్ళపై ప్రాకుచు దినములకొలది దిగివచ్చెను. 1979లో ప్రాణవాయువు సీసాలు లేకయే కాంచనగంగ నెక్కెను. మాకు కాంచనగంగ కనబడెను గాని, ఆ మోకాళ్ళ ప్రాకుడు కనబడలేదు. కట్టు విప్పినంతనే బండ నెక్కుదుమనుకొంటిమి.

కట్టు విప్పిరి. పిక్క సన్నబడి ముంజేతివలె నున్నది. మడమ నేలనానియుండగా మోకాలిని గోడకు తాకించినప్పుడు, మంచికాలి బొటనవ్రేలు గోడకు నాలుగంగుళముల దూరమున నుండగలదు. విరిగినకాలిది ఒక్క అంగుళమే. వ్యాయామము నేర్పు కన్నడ సోదరి బొటనవ్రేలితో గాలిలో అక్షరములు వ్రాయుమనెను. ఇంగ్లీషు అక్షరములు గీతలు; మనవి గుండ్రనివి. అకారమునుండి ఱకారమువరకు దినమునకు మూడుమార్లు వ్రాసితిమి. చీలమండ అన్ని దిక్కులకును తిరిగెను. "మా కన్నడముతోను అంతే తిరుగును" అని ఆమె నవ్వెను. పిదప కన్నులు మూసి ఒంటికాలిపై నిలుచుట. అది మొదట మూడు లెక్కలైనను సాగలేదు. దేహమునకు పాదమున్న తావును తెలుపు నరముల యెరుక ఎముకతో పాటు అతుకదు. దానిని వేరుగా నేర్పవలెను.

నాలుగవ మాసమున ఎవరికిని చెప్పక రామనగరము పోతిమి. రెండు నిలువులెక్కితిమో లేదో, మడమ దిగలేదు, కాలు వణకెను. నొప్పి లేదు, భయమే. దిగి, బండక్రింద చాలసేపు కూర్చుండి, ఇంటికి వచ్చితిమి. ఆనాడు మేమింక ఎక్కలేమనియే తలచితిమి. అయినను అక్షరములు మానలేదు.

ఎనిమిదవ మాసమున గోడకొలత మూడంగుళములు దాటెను. కుర్రవాండ్రతో మరల పోతిమి. పైనుండి త్రాడు వేయించుకొని, తొలిమారు వెనుదిరిగిన చోటనే నిలిచి, మడమను మెల్లగా దించితిమి. పాదము జారలేదు. పైదాక పోవుటకు మునుపటికంటె రెట్టింపు కాలము పట్టెను.

దిగునప్పుడు ఆ నాలుగడుగుల గుండు వచ్చెను. మేము దానిపై చతికిలబడి, రెండు చేతులును ఆనించి, కూర్చుండియే జారితిమి. కుర్రవాండ్రు పకపక నవ్విరి. పంట్లాము చిరిగెను.