ఇడ్లీ మానేసి చపాతీ తిన్నాను: ఈస్ట్ లేని తిండి ఎలా ఎంచుకోవాలి?

ఈ రోజు టాపిక్ ఈస్ట్ లేని తిండి. ఏం తినొచ్చు, ఏం తినకూడదు, అసలు ఎవరికి అవసరం, ఈ మూడూ మాట్లాడుకుందాం. నేను డాక్టర్ని కాదు. నాలుగు నెలలు ఈ డైట్ చేసి, తప్పు చేసి, తెలుసుకున్నది చెప్తున్నాను, అంతే.

అప్పట్లో నాకు తిన్న గంటకల్లా పొట్ట ఉబ్బిపోయేది. ఆఫీసులో జీన్స్ బటన్ తీసి, పైన చున్నీ కప్పుకుని కూర్చునేదాన్ని. ఒక రీల్‌లో చూశాను, ఒంట్లో ఈస్ట్ పెరిగితే ఇలాగే ఉంటుంది, పులిసినవన్నీ మానెయ్యండి అని. అంతే, ఇడ్లీ, దోశ, పెరుగు, బ్రెడ్డు, పచ్చళ్ళు, పుట్టగొడుగులు అన్నీ ఒకే రోజు బంద్. వాటి బదులు పొద్దున చపాతీ, రాత్రి చపాతీ.

సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ పొద్దున్నే లేచి ఇడ్లీ వేసింది, కొబ్బరి చట్నీ చేసింది. నేను వద్దన్నాను. "ఇడ్లీ కూడా పడదా? జ్వరమొస్తే పెట్టేది అదే కదే!" అంది. నేనేమో అమ్మకేం తెలుసులే అనుకున్నాను. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు ఈస్ట్ అంటే ఏంటో చూద్దాం. అది ఒకే కణం ఉండే ఫంగస్. చక్కెర తిని గ్యాసు, ఆల్కహాలు వదులుతుంది. ఆ గ్యాసుకే బ్రెడ్డు పొంగుతుంది, ఆ ఆల్కహాలు వల్లే కల్లు ఎక్కుతుంది. బ్రెడ్డులో వేసే ఈస్ట్ పేరు శాకరోమైసిస్. ఆడవాళ్ళకి ఇన్‌ఫెక్షన్, పసిపిల్లల నాలుక మీద తెల్లపూత తెచ్చేది కాండిడా. రెండూ ఈస్టులే, కానీ ఒకటి కాదు. బ్రెడ్డు తిన్నంత మాత్రాన అందులోని ఈస్ట్ కాండిడాగా మారిపోదు. పైగా ఓవెన్ వేడికి అది చచ్చిపోతుంది. అయితే నిజంగా ఈస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళకి ఆ చచ్చిన ఈస్ట్‌లోని ప్రొటీన్ కూడా పడకపోవచ్చు. అది వేరే విషయం.

మరి ఈ భయం ఎక్కడ మొదలైంది? 1983లో అమెరికాలో విలియం క్రూక్ అనే డాక్టరు 'ది ఈస్ట్ కనెక్షన్' అని ఒక పుస్తకం రాశారు. నీరసం, తలనొప్పి, పొట్ట ఉబ్బరం, చిరాకు, ఇలా చాలావాటికి కాండిడాయే కారణం అన్నారు. పుస్తకం బాగా పాపులర్ అయింది. 1986లో అక్కడి అలర్జీ డాక్టర్ల సంఘమే దీనికి రుజువు లేదని ప్రకటించింది. 1990లో 42 మంది ఆడవాళ్ళ మీద చేసిన ఒక స్టడీలో, ఈస్ట్‌ని చంపే మందు ఇచ్చినా ఆ నీరసం, తలనొప్పి లాంటి లక్షణాల్లో ఉత్తుత్తి మాత్ర కంటే పెద్ద తేడా కనపడలేదు. ఇప్పుడు అదే మాట రీల్స్‌లో తిరుగుతోంది.

అంటే ఈ డైట్ ఎవరికీ అక్కర్లేదా? అక్కర ఉన్నవాళ్ళు ఉన్నారు. టెస్ట్ చేసి ఈస్ట్ అలర్జీ అని డాక్టరు తేల్చినవాళ్ళు, ఎంఏఓఐ అనే పాతరకం డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు, కొన్ని వారాలు మానేసి చూడమని డాక్టరు చెప్పినవాళ్ళు. ఎంఏఓఐ మందులతో ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కొన్ని రకాల బీర్లు తీసుకుంటే బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు. మీరు వీళ్ళలో ఒకరైతే తిండిని ఇలా విడదీసుకోండి.

మొదటిది, ఈస్ట్ ఖాయంగా ఉండేవి. బ్రెడ్డు, బన్ను, పావ్, పిజ్జా బేస్, డోనట్, రస్కు, బీరు, వైను, కల్లు. హోటల్లో నాన్, కుల్చా, భటూరా అయితే అడగాల్సిందే. కొందరు ఈస్ట్ వేస్తారు, కొందరు పెరుగు, సోడాతో కానిచ్చేస్తారు.

రెండోది, దాక్కుని ఉండేవి. మసాలా చిప్స్, ప్యాకెట్ సూపులు, నూడిల్స్ మసాలా. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అనో, ఆటోలైజ్డ్ ఈస్ట్ అనో ఉందంటే ఉన్నట్టే. రైజింగ్ ఏజెంట్ 500, 503 అని ఉంటే మాత్రం కంగారు పడకండి, అవి సోడా లాంటి లవణాలు, ఈస్ట్ కాదు. చాలా బిస్కెట్లు, బేకింగ్ పౌడర్ కేకులు వాటితోనే పొంగుతాయి. సోయా సాస్, పళ్ళరసంతో చేసిన వెనిగర్ తయారీలో మాత్రం ఈస్ట్ పని ఉంటుంది.

మూడోది, హాయిగా తినేవి. అన్నం, పప్పు, కూరలు, గుడ్లు, చేపలు, పాలు, రాగి సంగటి, జొన్నరొట్టె, పుల్కా, ఉప్మా, అటుకులు, కట్టెపొంగలి. అన్నిటికంటే పెసరట్టు! పెసలు నానబెట్టి, రుబ్బి, వెంటనే పోసేయడమే, పులవాల్సిన పనే లేదు. మినపరొట్టె కూడా రుబ్బిన వెంటనే వేసుకోవచ్చు. మన వంటింట్లో ఈస్ట్ వేయని టిఫిన్లు ఇన్ని ఉంటే, ఈస్ట్ లేని బ్రెడ్డు అని వందలు పోసి ఆన్‌లైన్‌లో ఎందుకు కొనడం?

మరి ఇడ్లీ, దోశ? ఇక్కడే అందరూ పొరబడతారు. ఆ పిండి పొంగేది ముఖ్యంగా బ్యాక్టీరియా వల్ల. గాలిలోంచి, పప్పులోంచి వచ్చిన ఈస్టులు కూడా కొన్ని ఉండొచ్చు. అందుకే గట్టి అలర్జీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి తినండి. మిగతావాళ్ళకి భయం అక్కర్లేదు. పెరుగుని తోడుపెట్టేదీ బ్యాక్టీరియానే. ఇంట్లో పెట్టిన ఆవకాయలో మనం ఈస్ట్ వేయం. పులిసిందల్లా ఈస్ట్ కాదు, ఇది గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఇప్పుడు నా కథ. నాలుగు నెలలకి ఆరు కిలోలు తగ్గాను, పొట్ట మాత్రం ఇంకా ఎక్కువ ఉబ్బేది. చివరికి డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రెండే ప్రశ్నలు అడిగారు. "మానేశాక తగ్గిందా?" లేదండీ, పెరిగింది అన్నాను. "మరి వాటి బదులు ఏం తింటున్నావు?" చపాతీ అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూశారు.

గోధుమ మానకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించారు. ముందే మానేస్తే ఆ పరీక్షలో జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. నాకు ఆ జబ్బు లేదు. తర్వాత రెండు వారాలు గోధుమ ఆపి అన్నం, జొన్నరొట్టె తినమన్నారు. ఉబ్బరం తగ్గింది. ఇడ్లీ మొదలుపెట్టాను, ఏం కాలేదు. పుల్కాలు మూడు తిన్నాను, మళ్ళీ ఉబ్బింది. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది. అది మనకి అరగదు, పేగుల్లో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు చేస్తుంది. కొందరికి ఆ గ్యాసు తట్టుకోవడం కష్టం. ఉల్లి, వెల్లుల్లిలోనూ అవి ఉంటాయి. అంటే నాకు పడేదాన్ని మానేసి, పడనిదాన్ని రెండు పూటలా తిన్నాను!

అందుకే మీరు మానాల్సి వస్తే ఇలా చేయండి. ఎన్ని వారాలో డాక్టర్ని అడిగి, ఆఖరి తేదీ ముందే రాసుకోండి. ఏం తిన్నారో, ఎప్పుడు ఇబ్బంది వచ్చిందో ఫోన్ నోట్స్‌లో పెట్టుకోండి. మానేసిందే కాదు, దాని బదులు తినేదీ రాయండి. తర్వాత ఒక్కోటే వెనక్కి తెచ్చుకోండి, మధ్యలో మూడు రోజులు ఆగండి. తిన్నాక దద్దుర్లు లేచి పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇలాంటి ప్రయోగాలు వద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.

ఇంకో మాట, ముఖ్యంగా అమ్మాయిలకి. కింద దురద, తెల్లగా పెరుగు విరిగినట్టు అవుతుంటే సిగ్గుపడి డైట్‌తో సరిపెట్టుకోకండి. దానికి మందు ఉంది. మాటిమాటికీ వస్తుంటే షుగర్ టెస్ట్ చేయించండి, అది షుగర్‌కి గుర్తు కావచ్చు. బ్రెడ్డు మానేస్తే ఆ షుగర్ బయటపడదు.

ఉగాదికి ఇంటికెళ్ళి నాలుగు ఇడ్లీ తిన్నాను. అమ్మ ఏమీ అనలేదు, ఐదోది కూడా వేసింది. సరే మరి, మళ్ళీ కలుద్దాం. బాగా తినండి.