పాత పేపర్లో మిగిలిన మూగ సినిమా

జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, చందర్లపాడు వైపు నుంచి వచ్చి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

నేను చదువుకున్నది సినిమా చరిత్ర. అందులోనూ మూగ సినిమా కాలం. ఆ కాలం గురించి రాయాలనుకునేవాడికి మొదట ఎదురయ్యే కష్టం ఏమిటంటే, చూడడానికి సినిమాలే లేవు.

మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసు వెళ్లి ఫొటోలు తీస్తూ బతికారు. తర్వాత బొమ్మలాడించే యంత్రం కొని, ఊళ్లు తిరిగి ఆడించి, 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ హాలు కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. కొడుకు ప్రకాశ్‌ను ఇంగ్లండ్ పంపి సినిమా పని నేర్పించారు. ఆ తండ్రీకొడుకులు తీసిన 'భీష్మప్రతిజ్ఞ'లో ఒక్క అడుగు ఫిల్ము కూడా ఇవాళ మనకు లేదు. నాటి ఫిల్ము ఇట్టే అంటుకుని కాలిపోయేది. కాలనిది పెట్టెల్లోనే కుళ్లిపోయింది. పాతబడినదాన్ని వెండి కోసం కరిగించేసేవారు. దక్షిణాదిన తీసిన మూగ చిత్రాల్లో చెప్పుకోదగ్గంతగా మిగిలింది మలయాళ దేశపు 'మార్తాండవర్మ' ఒక్కటే. అదైనా నవల హక్కుల తగాదాలో చిక్కుకుని, హాళ్లలో ఎక్కువ రోజులు ఆడకుండానే మూలన పడింది కాబట్టి మిగిలింది. జనం ఎగబడి చూసినవి మాత్రం అరిగిపోయి, చేతులు మారి, మాయమయ్యాయి. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

మరి మనకు మిగిలిందేమిటి? పేపర్లు. మద్రాసు మెయిల్, హిందూ, మన ఆంధ్రపత్రిక. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ దినపత్రిక పెట్టిన ఊళ్లోనే, అదే సంవత్సరం, అదే జిల్లాకు చెందిన వెంకయ్యగారు సినిమా హాలు తెరిచారు. ఒకప్పటి కృష్ణా జిల్లా పిల్లలుగా ఇది మీరు గర్వంగా చెప్పుకోవచ్చు.

రేవు పట్నం పేపరు ఒక్కటి పట్టుకుని చదివి చూడండి. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, వాటి మధ్యలో సినిమా ప్రకటన. ఆ ఓడల్లోనే ఫిల్ము డబ్బాలూ దిగేవి. ప్రకటనలో హాలు పేరు ఉంటుంది, ఆట వేళలు ఉంటాయి, వారం వారం వచ్చే అమెరికా సీరియల్ పేరుంటుంది. అలాంటి సీరియళ్ల హీరో ఎడ్డీ పోలో దెబ్బలాటలంటే అప్పటి మద్రాసు కుర్రకారుకు ప్రాణం. కానీ తెర పక్కన నిలబడి, ఇంగ్లీషు అక్షరాలు చదవలేని జనానికి కథంతా గొంతెత్తి చెప్పిన మనిషి ఉండేవాడే, అతని పేరు కోసం వెతకండి. హార్మోనియం వాయించినవాడి పేరు వెతకండి. ప్రకటనకు డబ్బు కట్టిన యజమాని పేరే దొరుకుతుంది. నేల టిక్కెట్టు కొన్నవాళ్లకు ఆ బొమ్మ ఎలా ఉందో ఇంగ్లీషు పేపరు అడగనే లేదు. 1927లో దివాన్ బహదూర్ రంగాచారి గారి అధ్యక్షతన ప్రభుత్వం సినిమా విచారణ సంఘాన్ని వేసినప్పుడు, వాళ్లు తీసుకున్న వాంగ్మూలాల సంపుటాల్లో హాళ్లవాళ్లూ, ఫిల్ములు తీసేవాళ్లూ, చూసేవాళ్లూ కొంత నోరు విప్పారు. చరిత్రకారులు వాటిని అంత ప్రేమగా దాచుకోవడానికి అదే కారణం.

ఇక తేదీల సంగతి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు. ఒకరు రాసింది చూసి మరొకరు రాశారు. ఆ రోజున తెలుగు సినిమా పుట్టినరోజు పండుగలూ జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ అంతటితో తృప్తి పడలేదు. నాటి పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీశారు. ఆ చిత్రం సెన్సార్ అయింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేలింది. సెన్సారే కాని బొమ్మ నాలుగు నెలల ముందు ఎలా ఆడుతుంది? ఈ ప్రశ్న ఎవరైనా వేసుకోవచ్చు. వేసుకుని, దుమ్ములో కూర్చుని జవాబు తెచ్చినవాడు గొప్పవాడు. పేపరొక్కటే చాలదని కూడా ఇక్కడ గమనించండి. రేపు విడుదల అని ప్రకటన వేసి, బొమ్మ రాక హాలు మూసుకున్న రోజులూ ఉండవచ్చు. ప్రకటన పక్కన మరో కాగితం నిలబడితేనే సాక్ష్యం గట్టిపడుతుంది.

మీ ప్రాంతంలోనే ఇంతకంటే పాత సాక్ష్యం ఉంది. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద ఒకప్పటి బౌద్ధ స్తూపం. అక్కడి చక్రవర్తి శిల్పం వెంకయ్యగారి మద్రాసుకే తరలిపోయి, అక్కడి మ్యూజియంలో ఉంది. ఆ స్తూపం దగ్గర దొరికిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన 20వ ఏట చెక్కిన శాసనం ఉంది. సిద్ధార్థుడనే శిల్పి ఆ స్తూపానికి, అంటే వెలగిరి మహాచైత్యానికి, తూర్పు వాకిట అయిదు స్తంభాలు ఎత్తించానని చెక్కించాడు. రాజు పేరుతో ఆగలేదు. తండ్రి పేరు, తల్లి పేరు, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, తమ్ముడి పిల్లలు, అందరి పేర్లూ పెట్టించాడు. పదిహేడు వందల ఏళ్ల నాటి పనివాడి ఇంటిల్లిపాదినీ మనం పేరుపేరునా పిలవగలుగుతున్నాం. నూరేళ్ల కిందట తెర పక్కన కథ చెప్పినవాణ్ణి పిలవలేకపోతున్నాం.

1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతి హాలు కట్టారు. అక్కడి నుంచి ఈ మెట్ట ఊళ్లకు బొమ్మ ఏ దారిన వచ్చింది, ఎవరి డేరాలో ఆడింది, మునేరు దాటి ఎవరు మోసుకొచ్చారు, నైజాం సరిహద్దు అవతలి వాళ్లు చూడ్డానికి వచ్చారా? ఈ పని మీకు అప్పగిస్తున్నాను. మీరు ఏ డిగ్రీ తీసుకున్నా ఫరవాలేదు. మీ ఇళ్ల అటకల మీద, పాత గ్రంథాలయాల బీరువాల్లో పత్రికల కట్టలుంటే కిలోల లెక్కన అమ్మనివ్వకండి. సినిమా ముక్క ఒక్కటే కత్తిరించి దాచకండి, తేదీ ఊడిపోతుంది. పేజీ మొత్తం ఫొటో తీయండి. పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య, అది ఎవరింట్లో దొరికిందో రాయండి. ఆ ఇంటి పెద్దావిడను కూర్చోబెట్టుకుని, డేరా సినిమాల గురించి వాళ్ల అమ్మ ఏం చెప్పేదో అడగండి. ఆమె చెప్పిన పేర్లను ఆమె పలికినట్టే రాసుకుని, కింద ఆమె పేరు కూడా రాయండి.