గోధుమ గింజకి ఎండ దెబ్బ ఎలా తగులుతుంది?

ఇవాళ ఒక్క గోధుమ గింజని అరచేతిలో పెట్టుకుని చూడండి. అది లావుగా ఉండాలా, సన్నగా ఉండాలా అన్నది చాలావరకు పూత తర్వాత మొదటి రెండు వారాల్లోనే తేలిపోతుంది.

నేను కోడ్ రాసుకునే రోజుల్లో పంట అంటే నీళ్లు, ఎరువు, ఎండ, అంతే అనుకునేవాణ్ణి. కాదండీ. గింజ లోపల హార్మోన్లు ఒకదాని తర్వాత ఒకటి షిఫ్ట్ ఎక్కుతాయి.

ముందు సైటోకైనిన్. పూత అయిన కొద్ది రోజులకే ఇది బాగా పెరుగుతుంది, కణాలు చకచకా విభజన చెందుతాయి. రేపు పిండి దాచుకునే గదులు ఈ కణాలే. ఆ గదుల్లో పిండి నిండే దశలో ఆక్సిన్ పెరుగుతుంది. తర్వాత అబ్సిసిక్ ఆమ్లం. "ఇక ఎండు, నిద్రపో" అని గింజకి చెప్పేది ఇదే.

ఆ నిద్ర సరిగా పట్టకపోతే? కోతకి ముందు వాన పడితే గింజ కంకి మీదే మొలకెత్తేస్తుంది. గిబ్బరెల్లిన్ పని మొదలుపెట్టి ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్‌ని తయారు చేయిస్తుంది. అది దాచుకున్న పిండిని విరగ్గొడుతుంది. అలాంటి పిండి కలిపితే ముద్ద చేతికి అంటుకుపోతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. పంజాబ్, హర్యానాల్లో మార్చి అంటే గింజ పాలు పోసుకుని నిండే నెల. 2022 మార్చి మాత్రం 1901 నుంచి ఉన్న లెక్కల్లో మన దేశంలో అత్యంత వేడి మార్చి. వేడి పెరిగితే ఇథిలీన్ పెరుగుతుంది, ఆకులు ముందే పండిపోతాయి, పిండి కట్టే ఎంజైములు మందగిస్తాయి. నిండాల్సిన రోజులు తగ్గిపోతాయి. గింజ సగం కడుపుతోనే ఎండిపోతుంది.

ఆ ఏడాది అదే జరిగింది. ముడతపడ్డ గింజలు మామూలుగా 6 శాతం దాటితే ప్రభుత్వం కొనదు. ఆ మేలో పంజాబ్, హర్యానాలకి ఆ హద్దుని 18 శాతానికి పెంచాల్సి వచ్చింది. అంతకుముందే, మే 13న, గోధుమ ఎగుమతులు ఆపేశారు.

రైతు తప్పేం లేదు. ఏర్పడని గదులు తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఏర్పడవు. అందుకే సకాలంలో విత్తి, మార్చి ఎండలు ముదిరేలోపే గింజ నిండేలా చూసుకోమంటారు. వేడిని తట్టుకునే రకాల మీద పరిశోధన కూడా అందుకే.

రేపు చపాతీ తుంచేటప్పుడు ఆ రెండు వారాలు ఒక్కసారి గుర్తు చేసుకోండి.