ఒకే జన్యుదోషము, వేర్వేరు జీవితములు



వంశపారంపర్యరోగమనగానే, దోషము సంక్రమించిన వారందఱికిని ఒకే వ్యాధి ఒకే తీవ్రతతో సంభవించునని తలంచుట లోకసహజము. ఆ తలంపు ఎంత అసమగ్రమో తెలుపుటకు సీటీఎల్ఏ-4 అను జన్యువు చక్కని నిదర్శనము. దేహరక్షణకై విజృంభించిన టీ కణములను, గుఱ్ఱమును కళ్ళెమువలె, నిలువరించు ప్రోటీనును ఈ జన్యువు నిర్మించును. తలిదండ్రులనుండి లభించు రెండు ప్రతులలో ఒకటి చెడినచో ఆ ప్రోటీను చాలక, అదుపుతప్పిన కణములు స్వీయావయవములనే ఆక్రమించును. అదే దేహమున ప్రతిరక్షకములు క్షీణించి, అంటురోగములును పదేపదే బాధించును.

2014లో ఈ వ్యాధి వెల్లడియైనప్పుడే దాని వైవిధ్యమును బయల్పడెను. ఒకే ఇంట, ఒకే దోషమును ధరించినవారిలో ఒకరు దీర్ఘకాలికమైన అతిసారముతో కృశింపగా, మఱియొకరికి రక్తకణములు నశించును; ఇంకొకరికి ఊపిరితిత్తులో, మెదడో వ్యాధిగ్రస్తమగును; వేఱొకరు ఏ లక్షణమును లేక సుఖముగ జీవింతురు. 2018లో ప్రకటితమైన ఒక పరిశీలనమున, 54 కుటుంబములకు చెందిన 133 మంది దోషవాహకులలో రోగగ్రస్తులుగా తేలినవారు 90 మంది. ఇతర జన్యువులును, సోకిన క్రిములును, పరిసరములును ఈ భేదమునకు తోడ్పడునని శాస్త్రజ్ఞుల యూహ.

ఇందుండి వైద్యుడు గ్రహింపవలసిన ధర్మములు రెండు గలవు. ఆరోగ్యవంతుడుగా కానవచ్చు సోదరుని మూలుగను రోగికి దానముచేయించుటకు ముందు, ఆతనియందును అదే దోషము గుప్తముగ నున్నదేమో పరీక్షింపవలెను. దోషము కనబడినంతమాత్రమున ఆతనిని రోగియని ముద్రవేయక, భయపెట్టక, కాలానుగుణముగ పరిశీలించుచుండవలెను. రోగికిని నిరాశ తగదు: ఆ ప్రోటీను భాగముతోనే నిర్మింపబడి, కీళ్ళవాతమునకు వాడబడుచుండిన అబటాసెప్ట్ అను ఔషధము, ఈ రోగులలో పెక్కుమందికి ఉపశమనము నొసగుచున్నది.

స్నాతకులారా! జన్యుపరీక్ష దోషమెక్కడనున్నదో చెప్పును గాని, ఆ మనుష్యుడెట్లు జీవించునో చెప్పజాలదు. కావున పరీక్షాపత్రమును చదివిన పిదప రోగిని స్వయముగ పరీక్షింపుడు. ఆతని కుటుంబమును పిలిపించి, ఒక్కొక్కరి కథను వేర్వేరుగ, ఓపికతో వినుడు. ఒకరి దుర్గతిని చూపి వేఱొకరికి భవిష్యత్తును నిర్ణయింపకుడు. మీరు స్వీకరించిన వైద్యపట్టమునకు సార్థకత ఆ వివేకమువలననే కలుగును.